పాత పడవకు కొత్త మోటారు వెతుక్కుంటూ ఎదుర్లంక రేవుకి

మా పడవ మోటారు ఆగిపోయింది కిందటి ఆగస్టు వరదలో, నడి గోదావరిలో. అప్పుడు పడవలో నేనూ, మా చినమావయ్యగారు సత్యానందం గారూ, పురిటినొప్పులతో ఆసుపత్రికి బయల్దేరిన మా లంక పిల్ల కుమారీ, వాళ్ళమ్మా ఉన్నాం. ఎర్రనీళ్ళు మమ్మల్ని గిరగిరా తిప్పుకుంటూ తీసుకుపోయి, దిగువన ఇంకో లంకలో మునిగిన చెట్ల కొమ్మల మధ్య ఇరికించాయి. కుమారి ఆ తడిసిన పడవలోనే ప్రసవించింది. తల్లీ బిడ్డా దక్కారు. కానీ ఆ రోజు నుంచి చినమావయ్యగారు ఆ పడవ ఎక్కలేదు.

మా లంక ముక్తేశ్వరానికి కొంచెం ఎగువన, గౌతమి మధ్యలో ఉంటుంది. వంతెన లేదు. మామూలు రోజుల్లో నాటుపడవలు చాలు. వరదొస్తే మాత్రం ఆ ఉరవడికి ఎదురెక్కగలిగింది ఈ ఒక్క ఎర్ర స్పీడుబోటే. పదిహేడు అడుగుల పడవ, అడుగుభాగం కోసుగా ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట వశిష్ఠ పాయ మీద ఒక రిసార్టులో యాత్రికులను తిప్పేది. అక్కడా దాన్ని నడిపింది చినమావయ్యగారే. రిసార్టు మూసేసినప్పుడు మా లంకలో చర్చివాళ్ళూ గుడివాళ్ళూ కలిసి కొన్నారు. పడవతోపాటు ఆయనా ఇంటికొచ్చేశారు.

ఈ వేసవిలో కొత్త మోటారు కొనాలని అందరూ తేల్చారు. నేను ముక్తేశ్వరం హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను కనుక నన్నూ, నడిపేది ఆయన కనుక ఆయన్నూ వెళ్ళమన్నారు. చినమావయ్యగారు వెంటనే ఒప్పుకోలేదు. "ఎనిమిది మందితో ఎదురునీటికి ఎక్కే మోటారైతే తెస్తాను. లేపోతే ఉత్త చేతుల్తో వచ్చేస్తాను. మళ్ళీ నన్నడక్కండి" అన్నారు.

కాకినాడలో మోటార్లు అమ్మే నూకరాజు గారికి ఫోన్ చేశాను. ఆయన అసలు మెకానిక్కు, తర్వాత కొట్టు పెట్టుకున్నారు. "పడవని చూడకుండా మోటారు ఎలా చెప్పనండీ? ఎదుర్లంక రేవుకి తెచ్చి కట్టేయండి. మీరు కొట్టుకొచ్చి చూసుకోండి. మర్నాడు మోటార్లు వేన్లో వేసుకుని నేనే రేవుకొస్తాను" అన్నారు.

అలా, మే నెలలో ఒక శుక్రవారం ఉదయం అయిదుంబావుకి బయల్దేరాం. మా పడవను ఒక చేపల పడవ వెనక మోకుతో కట్టించాం. పాటు మొదలైంది కనుక నీళ్ళు సముద్రంవైపు లాగుతున్నాయి. అయినా రెండు పడవలూ నింపాదిగానే కదిలాయి. చినమావయ్యగారు ముందు పడవలో కూర్చుని, వెనక వస్తున్న తన పడవవైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ఇసుకమేటల మీద కొంగలు, ఎడమ గట్టున కొబ్బరితోటల వెనక నుంచి పొద్దు. ఏడింటికి అరిటాకు పొట్లం విప్పి ఇడ్లీ తిన్నాం. ఎదుర్లంక వంతెన కనిపించేసరికి ఎనిమిదీ నలభై. పడవను రేవులో కట్టి, చేపలవాళ్ళకి చెప్పి, రోడ్డెక్కి కాకినాడ బస్సు పట్టుకున్నాం. నేను ఆధార్ చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత టిక్కెట్టు తీసుకున్నాను, చినమావయ్యగారికి డబ్బులిచ్చి కొనాల్సి వచ్చింది.

పక్క సీట్లో అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన ఉన్నారు. "ఏం పని మీదండీ?" అని అడిగారు.

"మోటారు కొనడానికండి."

"పొలానికాండి?"

"గోదారికండి" అన్నారు చినమావయ్యగారు.

ఆయన నవ్వబోయి, మా ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయారు. సంగతంతా విన్నాక, దిగేముందు సంచిలోంచి రెండు కురిడీ కొబ్బరికాయలు తీసి మా ఒళ్ళో పెట్టి వెళ్ళారు.

నూకరాజు గారి కొట్టు జగన్నాథపురం వంతెన దాటాక, ఉప్పుటేటి ఒడ్డునే ఉంది. పదకొండింటికి చేరాం. వరసగా స్టాండ్లకి తగిలించి పదీ పన్నెండు మోటార్లు, మోకాలెత్తు వాటి నుంచి నా భుజమెత్తు వాటి దాకా. చినమావయ్యగారు గుమ్మం దగ్గర చెప్పులు విడిచేశారు.

"వేసుకునే రండి బాబాయ్" అన్నారు నూకరాజు గారు.

"పర్లేదండి" అంటూ ఈయన ఉత్త కాళ్ళతోనే లోపలికెళ్ళారు. తొంభై హెచ్.పి. మోటారు ముందు ఆగారు. నూకరాజు గారు పైన తొడుగు ఎత్తి చూపించారు. పాత మోటారు లోపల నూనె జిడ్డు, తుప్పు, మేం చుట్టిన తీగలు తప్ప నేనెప్పుడూ ఏమీ చూడలేదు. ఇక్కడ ప్రతి గొట్టమూ ప్రతి వైరూ దాని చోట అది ఉంది. పాఠం చెప్పేటప్పుడు పిస్టనూ వాల్వులూ బోర్డు మీద ఎన్నిసార్లో గీసి ఉంటాను. ఆ గీతలు ఇలా మూర్తి కట్టి ఎదురుగా నిలబడితే, ఒక్కో గొట్టం వెంటా వేలు పోనిచ్చాను.

"ఇప్పుడన్నీ ఫోర్ స్ట్రోకేనండి. పెట్రోల్లో ఆయిల్ కలపక్కర్లేదు, పొగ రాదు. కాపోతే బరువు. మీ పాత తొంభై కన్నా ఈ తొంభై నలభై కిలోలు పైనే ఉంటది. అందుకని అరవై హెచ్.పి. కూడా చూడమంటాను. బరువు మీ పాతదాని లెక్కకే వస్తది" అన్నారు నూకరాజు గారు.

"అరవైతో వరదలో ఏం చేస్తామండీ?" అన్నారు చినమావయ్యగారు. ఆయన చెయ్యి తొంభై మీదే ఉంది.

"ఆయ్, రేపు నీళ్ళే చెప్తాయి కదండీ. పరీక్షకని ఉంచినవి రెండూ పట్టుకొస్తాను."

బస్టాండు దగ్గర లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. గదులు చిన్నవే గానీ శుభ్రంగా ఉన్నాయి, నీళ్ళకి లోటు లేదు. మెస్సులో కొర్రమీను పులుసుతో భోజనం చేశాం. ఈ పని మీద వచ్చేవాళ్ళకి ఒక మాట చెబుతాను. కొట్టుకి వెళ్ళేముందే పడవ వెనక మోటారు తగిలించే పలక ఎత్తు కొలుచుకోండి. దాన్నిబట్టే నీళ్ళలోకి దిగే మోటారు కాడ పొడవు ఎంచాలి. నేను కొలిచి రాసుకెళ్ళాను కనుక ఒక పూట కలిసొచ్చింది.

మర్నాడు ఆరింటికి మోటార్లున్న వేన్లోనే బయల్దేరి ఏడున్నరకి ఎదుర్లంకలో దిగాం. యానాంవైపు నుంచి గాలి చల్లగా వస్తోంది. నూకరాజు గారు మోటారు దింపకముందే, ఒక చెక్కసుత్తి తీసుకుని మోకాల్లోతు నీళ్ళలో పడవ వెనక్కి వెళ్ళారు. వెనక పలకను జానెడు జానెడు జరుపుతూ కొట్టుకుంటూ వచ్చారు. టక్, టక్, టక్. కుడివైపు కింది మూలకొచ్చేసరికి శబ్దం మారింది. మెత్తగా, లోపల గట్టిదనం లేనట్టుగా పలికింది.

"ఇక్కడ చెక్కలోకి నీరు దిగిందండి. కోసి కొత్త చెక్క వేయాలి. అప్పటిదాకా అల్యూమినియం రేకు బిగిస్తే అరవైని మోస్తది. తొంభైకి నేను హామీ ఇవ్వను. అలాగని మీ చేత్తో మీరు చూడకుండా వద్దనీ చెప్పను."

ముక్కాలి దూలానికి గొలుసు వేసి తొంభైని పైకెత్తి, రేకు అడ్డం పెట్టి పడవకి తగిలించారు. పడవ వెనక భాగం నాలుగు వేళ్ళు దిగింది. చినమావయ్యగారు తొమ్మిది నెలల తర్వాత పడవెక్కారు. తాళం తిప్పారు. ఏమీ వినపడలేదు. మళ్ళీ తిప్పబోయారు.

"తిప్పకండి బాబాయ్! స్టార్టయ్యే ఉంది!" అని నూకరాజు గారు అరిచారు.

చినమావయ్యగారు మోటారు మీద అరచెయ్యి ఆనించి చూసుకుని, "ఓర్నాయనో" అన్నారు. తర్వాత ఒంటరిగా వెళ్ళారు. వంతెన కిందనుంచి ఒక ఎర్రని గీత సముద్రంవైపు పోయింది, అంతే. తిరిగొచ్చేటప్పుడు సగం పడవ గాల్లోనే ఉంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ముఖంలో అలాంటి వెలుగు నేను అంతకు ముందు చూడలేదు.

"ఇప్పుడు బరువుతో చూద్దామండి" అన్నారు నూకరాజు గారు. చేపలవాళ్ళు ఆరుగురు సరదాగా ఎక్కారు. నేనూ ఎక్కాను. పడవ లేచింది, దూసుకెళ్ళింది. నడి ఏటిలో ఒక వల తాలూకు బెండు అడ్డం రావడంతో చినమావయ్యగారు ఒక్కసారిగా వేగం లివరు వెనక్కి లాగారు. పడవ ఆగింది. మా వెనకే వస్తున్న మా కెరటం మాత్రం ఆగలేదు. కుంగి ఉన్న వెనక పలక మీదుగా లోపలికి దూకింది. చీలమండల దాకా నీళ్ళు. చేపలవాళ్ళు నవ్వుతూ డబ్బాలతో తోడేశారు. చినమావయ్యగారు నవ్వలేదు.

ఒడ్డుకొచ్చాక మోటారువైపు చాలాసేపు చూశారు. "నాకు కావలసింది ఇదేనమ్మా. పడవకి కావలసింది ఇది కాదు" అన్నారు నాతో. "దింపేయండి" అన్నారు నూకరాజు గారితో.

తొమ్మిదిన్నరకి అరవై ఎక్కించారు. ఖాళీగా బాగానే పరిగెత్తింది. ఆ ఆరుగురిలో ఒకరు దిగి నూకరాజు గారు ఎక్కగా, మళ్ళీ ఎనిమిది మందిమై బయల్దేరాం. పాటు జోరుగా ఉంది. నీటికి ఎదురు తిప్పగానే పడవ ముక్కు పైకెత్తి, వెనక్కి వాలి, నీళ్ళు దున్నుతూ మూలిగింది. లివరు మొత్తం నెట్టినా లేవలేదు. వంతెన స్తంభం ఒకటి మా పక్కనే ఉండిపోయింది, దాటడం లేదు.

చినమావయ్యగారు లివరు వదిలేశారు. "పదండమ్మా. వెళ్ళిపోదాం" అన్నారు. జూలై ఎంతో దూరంలో లేదు. ఉత్త చేతులతో వెళితే ఈయన మళ్ళీ రారు, లంకలో ఇంకెవరికీ ఈ పడవ చేతకాదు.

నేను మోటారు నిమిషానికెన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరు చూస్తూ కూర్చున్నాను. నాలుగువేల దగ్గర ఆగిపోయింది. మోటారు ఇంకా తిరగగలదు, తిరగలేకపోతోంది. "నూకరాజు గారూ, ఇది సైకిలు పెద్ద గేరులో గట్టెక్కినట్టుంది కదండీ?" అన్నాను.

ఆయన నావైపు తిరిగి, "టీచరు గారు పట్టేసేరే!" అన్నారు. "అందుకే రెండో ఫ్యాను తెచ్చేనండి."

ఫ్యాను అంటే మోటారు అడుగున నీటిని తోసే మూడు రెక్కల చక్రం. ఉన్నది ఒక చుట్టుకి పదమూడు అంగుళాలు ముందుకు తోసేది. ఒడ్డుకి చేరాక దాన్ని విప్పి పదకొండు అంగుళాలది వేశారు. నడుం లోతు నీళ్ళలో నిలబడి, చూడకుండా, చేతులతో తడుముకుంటూ పది నిమిషాల్లో ముగించారు.

మళ్ళీ ఎనిమిది మందిమి. మళ్ళీ అదే స్తంభం. చినమావయ్యగారు లివరు నెమ్మదిగా ముందుకు నెట్టారు. పడవ ముక్కెత్తింది, మూలిగింది, ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత లేచింది. కిందనుంచి ఎవరో పెద్ద అరచెయ్యి పెట్టి ఎత్తినట్టుగా మొత్తం పడవ నీటి మీదికొచ్చి చదునుగా నిలిచింది. మూలుగు పోయింది. రెండు పక్కలా నీళ్ళు పలచని అద్దపు రేకుల్లా విడిపోయాయి. స్తంభాలు ఒకటొకటే వెనక్కి వెళ్ళాయి. అంతదాకా పరాచికాలాడుతున్న చేపలవాళ్ళు పడవ అంచులు పట్టుకున్నారు. వాళ్ళలో పెద్దాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. న్యూటన్ మూడో నియమం పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను. నీటిని వెనక్కి తోస్తే పడవ ముందుకెళుతుందని నాకు తెలుసు. తెలిసినదాని ముందు ఒళ్ళు గగుర్పొడవడం మాత్రం అదే మొదటిసారి.

మీటరు అయిదువేల ఆరు వందలు చూపించింది. పుస్తకంలో రాసిన హద్దులోనే ఉంది.

"ఇదేనండి" అన్నారు చినమావయ్యగారు.

పరీక్ష మోటారు దింపి, కొట్టు నుంచి కొత్తది తెప్పించి బిగించి, కాగితాలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం మూడయింది. ఈలోగా ముంజలు తిన్నాం, రేవు పక్క పాకలో భోజనం చేశాం. "మొదటి పది గంటలూ లివరు సగం దాటించకండి. వర్షాల ముందు ఆ చెక్క మార్పించండి. నేనే వస్తాను" అని చెప్పి నూకరాజు గారు వేనెక్కారు.

మూడున్నరకి బయల్దేరాం. పోటు మాతోపాటే పైకి వస్తోంది. వెళ్ళేటప్పుడు మూడున్నర గంటలు పట్టిన దారి. సగం లివరుకే పడవ నీటిమీద తేలుతూ పోయింది. పాత మోటారుతో ఇన్నేళ్ళూ తిరిగిన ఏరే, అప్పట్లో మోటారు రొద తప్ప ఏమీ వినబడేది కాదు. ఇప్పుడు గట్టు మీద దూడ అరవడం విన్నాను. నెత్తిమీదుగా పోయే కొంగ రెక్కల చప్పుడు విన్నాను. గౌతమి ఎంత వెడల్పో కళ్ళతో ఎప్పుడూ చూస్తున్నదే, ఆ వేళ చెవులతో తెలిసింది.

కోటిపల్లి ఇంకా దూరంగా ఉండగా చినమావయ్యగారు మామూలు గొంతుతో అన్నారు.

"ఆ రోజు బయల్దేరేప్పుడే మోటారు శబ్దం తేడాగా ఉందమ్మా."

నేను ఆయనవైపు తిరిగాను.

"నాకు తెలిసింది. ఆ పిల్ల కేకలు విని, ఎలాగోలా దాటేస్తుందిలే అని వదిలేను. ఎవరికీ చెప్పలేదు. అది ఆగినందుకు కాదు, తెలిసి ఎక్కించినందుకు నేను పడవ మానేను."

"ఎక్కించకపోతే ఒడ్డున ఏమయ్యేదో మనకి తెలియదు కదండీ" అన్నాను. "తర్వాత చూసిన డాక్టరమ్మ, బిడ్డ కడుపులో అడ్డం తిరిగి ఉండేదన్నారు. పడవ కుదుపులకే మళ్ళీ సరిగ్గా తిరిగి ఉంటుందన్నారు. అదీ నిజమో కాదో తెలియదు. కానీ మీరు దిగువ లంక చెట్లవైపు తెడ్డు వేయడం నేను చూశాను. మోటారు లేకుండా మమ్మల్ని అక్కడికి చేర్చింది మీరే."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరంవైపు మోటారుసైకిళ్ళతో పంటు వెళుతోంది. దానికి కెరటం తగలకుండా బాగా నెమ్మదించి, దూరంగా చుట్టు తిరిగి దాటించారు. మా లంకకి ఇంకాస్త దూరం మిగిలి ఉండగా పడవ ఆపి లేచి నిలబడ్డారు.

"ఇలా వచ్చి కూర్చో అమ్మా."

"నేనాండీ?"

"మరింకెవరు? నాకు డెబ్భై వస్తన్నాయి. వరదలో పడవకి ఇద్దరుండాలి. నేను శబ్దం వింటాను, నువ్వు మీటరు చూస్తావు. ఎక్కడ తేడా వచ్చినా ఇద్దరిలో ఒకరం నోరిప్పాలి. ఆయ్?"

"ఆయ్" అన్నాను.

చీర కుచ్చిళ్ళు దోపుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను. లివరు ముందుకు నెట్టగానే ఆ బలం నా అరచేతిలోంచి భుజాల దాకా పాకింది. ముందు భయం వేసింది, తర్వాత నవ్వొచ్చింది. ఆయన పక్కన నిలబడి కళ్ళు మూసుకుని మోటారు వింటున్నారు. రెండు రోజుల ప్రయాణంలో ఎన్నో చూశాను గానీ, ఇంత నీరు నా చేతి కదలికకి దారి ఇవ్వడం కన్నా పెద్ద వింత ఇంకొకటి లేదు.

మా లంక రేవు కనబడింది. గట్టు మీద జనం అప్పటికే పోగయ్యారు. నెమ్మదించమని చినమావయ్యగారు అనలేదు. నేనే లివరు వెనక్కి తీసి, మా కెరటం మమ్మల్ని దాటి పోయేదాకా ఆగి, ఆ తర్వాత పడవను ఒడ్డుకి తిప్పాను.