పట్టా కింద అంబాసిడర్

ప్రత్యేక రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్లకు, ఒక వానాకాలం చివర, మా గ్యారేజీ ఇన్‌చార్జి నన్ను చర్లకు వెళ్లి రమ్మన్నారు. అప్పుడు నేను సారపాకలోని కాగితం మిల్లు ట్రాన్స్‌పోర్ట్ గ్యారేజీలో పెయింట్ ఫోర్‌మన్‌ని. పెద్ద హోదా ఏమీ కాదు. ఇన్‌చార్జి కింద ఇద్దరు ఫోర్‌మన్లం ఉండేవాళ్లం. సొట్టలు తీయించేది రెండో ఫోర్‌మన్, రంగు సంగతి చూసేది నేను. వెదురు లారీలు, జామాయిల్ లారీలు తెచ్చిన గీతలతోనే నా సర్వీసంతా గడిచింది.

చర్ల పని మిల్లుది కాదు. రాఘవులు అని మా దగ్గర డ్రైవర్‌గా చేసి మానుకున్న మనిషి ఒకాయన ఉండేవాడు. పాత అంబాసిడర్ కొనుక్కుని, చర్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి భద్రాచలం దవాఖానాకు కిరాయి తిప్పేవాడు. ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. బండికి కొత్త రంగు వేయించాలని ఆయన భార్య కనకమ్మ ఇన్‌చార్జికి ఫోన్ చేసిందట. పాత మనిషి ఇంటి పని కదా, ఆదివారం ఓసారి చూసి రమ్మని ఆయన నాతో అన్నారు.

నాకు ఆదివారాలు గడవని కాలమది. నా భార్య సుజాత పోయాక ఖమ్మంలో ఖానాపురం హవేలి ఇంటికి తాళం వేసి, మిల్లు క్వార్టర్‌లోనే ఉండిపోయాను. మా అమ్మాయిది పుణెలో ఉద్యోగం. పొద్దున ఒక్కడికి వండుకోవడం, మిగిలింది రాత్రికి తినడం, టీవీ ముందే నిద్రపోవడం. సెలవు రోజు మాట్లాడేవాళ్లు లేక నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. ఎవరు ఎక్కడికి పంపినా సంతోషంగా వెళ్లేవాణ్ణి.

బండి ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. షెడ్డు ఉన్నా చాలదన్నట్టు, మిర్చి కల్లంలో కప్పే నీలం పట్టా కప్పి, నాలుగు వైపులా తాళ్లతో బిగించి ఉంది. నేను తాళ్లు విప్పుతుంటే కనకమ్మ గారు గుమ్మంలోనే నిలబడ్డారు, దగ్గరికి రాలేదు. పట్టా తీయగానే తడి వాసన గుప్పుమంది. లేత నీలం బండి. టాపు మీద, బానెట్ మీద చెమటకాయల్లా సన్నని పొక్కులు.

ఫ్యాక్టరీలో వేసిన మొదటి రంగును మేం ఒరిజినల్ అంటాం. దాన్ని గీకేశాక ఎంత మంచి రంగు వేసినా ఒరిజినల్ మళ్లీ రాదు. రంగు మందం కొలిచే చిన్న మీటర్ ఒకటి ఉంటుంది, రేకుకు ఆనిస్తే మళ్లీ రంగు వేసిన చోట అంకె ఎగురుతుంది. ఈ బండి మీద ఎక్కడ ఆనించినా అంకె దాదాపు ఒకేలా వచ్చింది. ఆ బురద దారుల్లో అన్నేళ్లు తిప్పి కూడా రాఘవులు ఒక్క రేకుకూ రంగు వేయించలేదు. తలుపుల మీద వెదురు కొమ్మలు గీసిన గీతలు అలాగే ఉన్నాయి. పాత బండ్లకు ఇప్పటి వాటిలా రంగు మీద అద్దం లాంటి పూత ఉండదు. పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డకు అంటేది రంగే. అందుకే ఆయన మంచినీళ్లతో కడిగి మెత్తటి పాత పంచెతో తుడిచేవాడట, అంతకు మించి ఏమీ చేసేవాడు కాదట.

"కొత్త రంగేస్తే ఆయన తుడిచిన రంగు పోతదా సార్?" అని అడిగారామె.

పోతుందని చెప్పాను. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయారు. పొక్కులు చూసి భయపడి, బండి మొత్తం పాడైపోతోందని ఫోన్ చేశారు గానీ, రంగు మార్చాలని ఆమెకు లేదు. పొక్కుల కింద తుప్పు ఉంటే గీకక తప్పదు. తేమ మాత్రమే అయితే, నీడలో గాలి తగలనిస్తే చాలావరకు అణుగుతాయి. పట్టా తీసి ఉంచి, కొన్ని వారాలు చూద్దామన్నాను. ఆ మాటకు మాత్రం ఆమె ఒప్పుకోలేదు.

"వచ్చినోళ్లందరు దాని మీద చెయ్యేసి ఏడ్సేటోళ్లు. నాకు చూడబుద్ధి కాలే. గందుకే కప్పిన," అన్నారు.

"మిర్చికైనా పొద్దున్నే పట్టా తీస్తారు కదమ్మా," అన్నాను. ఆమె పుట్టింటివాళ్లు మిర్చి రైతులే. మంచుకు తడవకుండా సాయంత్రం కప్పి, పొద్దెక్కగానే తీయకపోతే కాయకు బూజు పడుతుందని నేను ఆమెకు చెప్పనక్కర్లేదు. ఆమె లేచి వచ్చి, పట్టాకు రెండో కొస పట్టుకుని నాతో కలిసి మడత పెట్టారు.

ఆ తర్వాత వరసగా ఆదివారాలు వెళ్లాను. నీళ్లు పోసి దుమ్ము వదిలించడం, తుడవడం, చూడడం, అంతే పని. టాపు మీది పొక్కులు మెల్లగా అణిగాయి. బానెట్ మీద కొన్నిటి కింద తుప్పు తేలింది. వాటిని మాత్రం గీకి, తుప్పు ఆపే మందు పెట్టి, పైన రంగు వేయకుండా మచ్చల్లాగే వదిలేశాను. ఈలోగా బండి బయటపడిందని తెలిసి జనం ఆగడం మొదలైంది. సంతకు వచ్చిన అడవి ఊళ్ల ఆడవాళ్లు బండి మీద చెయ్యి వేసి, తమ భాషలో ఏదో చెప్పుకునేవారు. ఒకామె వెనక సీటునూ తన కొడుకునూ మార్చి మార్చి చూపించింది, దవాఖానాకు వెళ్తూ వాడు ఆ సీట్లోనే పుట్టాడట. మొదట్లో కనకమ్మ గారు లోపలికి వెళ్లిపోయేవారు. పోనుపోను షెడ్డు ముందు చాప వేసి వాళ్లతో కూర్చోవడం నేర్చుకున్నారు.

ఇక రానక్కర్లేదని నేను చెప్పిన రోజు కనకమ్మ గారు చాయ్ ఇచ్చి, మొదటిసారి నన్ను అన్నా అని పిలిచారు. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే సుజాత సంగతి చెప్పాను. సుజాత టీచరుగా రోజూ బడికి వెళ్లివచ్చిన పాత రేకు బాడీ స్కూటర్ ఖమ్మం ఇంటి వరండాలో ఉందని కూడా ఎందుకో చెప్పాను.

"దాని మీద ఏం కప్పినవన్నా?"

నేను చాయ్ గ్లాసు కింద పెట్టి, షెడ్డు మూలన మడిచి ఉన్న పట్టాను చూపించాను.

"పోయి తియ్యి," అన్నారు కనకమ్మ గారు.

మరుసటి ఆదివారం ఖమ్మం వెళ్లి ఇంటి తాళం తీశాను. స్కూటర్ మీదిది కూడా మిర్చి పట్టానే. వానాకాలానికి ముందు నేనే కప్పి, తాళ్లు బిగించి వచ్చాను. కింద అవే పొక్కులు. హ్యాండిల్ మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చాను. రిటైరయ్యాక ఆ ఇంటికే వచ్చేశాను. ఇప్పుడు కూరగాయలకు దాని మీదే వెళ్తున్నాను. ముందు రేకు మీద అరచేయంత మేర రంగు లేచిపోయింది, దాన్ని అలాగే ఉంచాను.

ఈ పనిలో ఏం నేర్చుకున్నారని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పాత రంగును ఎండ కొంత వెలిసేలా చేస్తుంది, వాన కొంత మాపుతుంది, మనుషుల చేతులు కొంత అరగదీస్తాయి. వీటన్నిటినీ అది తట్టుకుంటుంది. గాలి ఆడకుండా కప్పి పెడితే మాత్రం తట్టుకోదు.