గొంగడి మీద శవాసనం

నిన్న కూలర్‌కు కొత్త గడ్డి వేయించాను. చలికాలమంతా వెనక గదిలో ఒక మూలన పడి ఉండే కూలర్‌ను ముందు గదిలోకి ఈడ్చుకొచ్చి, పాత గడ్డి పీకి, కొత్తది కుక్కి, తొట్టిలో నీళ్ళు పోసి మీట నొక్కగానే ఇల్లంతా తడిగడ్డి వాసన కమ్ముకుంది. మా నల్లగొండలో ఎండాకాలం వచ్చిందని నేను నమ్మేది ఆ వాసన వచ్చాకే. అంతకు ముందు ఎండ ఎంత మాడ్చినా అది లెక్కలోకి రాదు. అయితే నేను చెప్పబోయేది కూలర్ గురించి కాదు, దాని మీద దుమ్ము పడకుండా కప్పి ఉంచే నల్ల గొంగడి గురించి. కూలర్‌కు గొంగడి కప్పే ఇల్లు ఊరు మొత్తం మీద మాదొక్కటే అయి ఉంటుంది. ఆ గొంగడి మా మామది, అంటే మా ఆయన తండ్రిది. ఆయన దాని మీద యోగా చేసేవాడు. గొర్రెలు కాసుకునే మనిషికి యోగా ఏమిటని మీరు నవ్వవచ్చు. అప్పట్లో అందరూ నవ్వారు, నేను తప్ప.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళ తర్వాతి మాట ఇది. మా ఆయనది కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం. ఎండాకాలంలో జనానికి కరెంటు ఎంత అవసరమో, స్తంభం ఎక్కేవాడికి నీడ అంత అవసరం, కానీ స్తంభం మీద నీడ ఉండదు. ఒక రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, తల దిమ్ముగా ఉందని, కూలర్ ముందు బండల మీద వెల్లకిలా పడుకున్నాడు. చేతులు రెండూ పక్కకు వదిలేసి, అరచేతులు పైకి పెట్టి పడుకున్నాడు. సాయంత్రం దవాఖానలో వడదెబ్బ అన్నారు. ఎండకు పోయేటప్పుడు జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మా దిక్కు నమ్మకం. ఆ రోజూ ఆయన జేబులో ఉల్లిగడ్డ ఉంది. బట్టలతో పాటు దాన్ని కూడా నా చేతికిచ్చారు. ఇంటికి తెచ్చి, ఏం చేయాలో తెలియక, వంటింటి బుట్టలో మిగతా ఉల్లిగడ్డల్లో కలిపేశాను.

ఆయన పోయాక ఆయన ఆఫీసులోనే నాకు ఉద్యోగం ఇచ్చారు. ఫోన్ దగ్గర కూర్చోవడం నా పని. ఎండాకాలంలో ఆ ఫోన్ దగ్గర కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది, మన తెలుగులో ఎన్ని రకాల తిట్లున్నాయో. కరెంటు పోయిన ప్రతివాడూ నేనే తీసి దాచుకున్నట్టు మాట్లాడేవాడు. నేను అన్నీ విని, పేరూ వాడకట్టూ రాసుకుని, పంపిస్తామండీ అని ఫోన్ పెట్టేసేదాన్ని. నాకు కోపం రాలేదు, బాధ కలగలేదు. పక్క సీట్లవాళ్ళు నా ఓపికను మెచ్చుకునేవాళ్ళు. నిజానికి నాలో ఓపికా లేదు, ఏమీ లేదు. అన్నం తింటే ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలిసేది కాదు. ఆ మరుసటి ఎండాకాలం మొత్తం నాకు ఉక్కపోయలేదు. అందరూ కాగితాలతో విసురుకుంటుంటే నేను ఫ్యాన్ వేయడం కూడా మరిచిపోయి కూర్చునేదాన్ని. చెమట పట్టేది, కానీ అది వేరెవరికో పట్టినట్టుండేది. ఒకనాడు ఆఫీసులోనే కళ్ళు తిరిగి పడితే దవాఖానకు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ బీపీ చూసి, మాత్రలు రాసి, పొద్దున్నే యోగా చేయమంది. చేస్తానన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరే అనేదాన్ని.

మామ గురించి చెప్పాలి. ఆయనది దేవరకొండ వైపు ఊరు. పుట్టినప్పటి నుంచి గొర్రెలే ఆయన బతుకు. మోకాళ్ళు మొరాయించాక, కొడుకు ఉద్యోగంలో పడి మందకు రెండో మనిషి లేకుండా పోయాక, గొర్రెలన్నీ అమ్మేసి మా దగ్గరికొచ్చాడు. వచ్చిన ఏడాదికే కొడుకు పోయాడు. ఆయన ఏడ్చాడో లేదో నేను చూడలేదు. నేనేడవలేదని ఆయన చూసి ఉంటాడు. ఒకే ఇంట్లో ఇద్దరం రెండు రాళ్ళలా ఉండేవాళ్ళం. ఆయనకు నా మీద ప్రేమ ఉన్నదని తెలిసేది నా హ్యాండ్‌బ్యాగు తెరిచినప్పుడే. రోజూ పొద్దున నాకు తెలియకుండా అందులో ఒక ఉల్లిగడ్డ వేసేవాడు. అది కొడుకును ఆపలేదని ఆయనకు తెలియదా? తెలుసు. అయినా వేసేవాడు. నా పర్సూ, రుమాలూ, బస్‌పాసూ అన్నీ ఉల్లిగడ్డ వాసన కొట్టేవి.

యోగా క్లాసు ఊరి చివర ఒక ఫంక్షన్ హాలు మేడ మీద జరిగేది. ఒక్కదాన్నే ఎందుకని మామ కూడా బయలుదేరేవాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె. తోవ నాకు తెలుసు, ఆయనకు తెలియదు, అయినా ఆయనే ముందు నడిచేవాడు. ప్రతి మూల మలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి చూసేవాడు. నేను కనబడ్డాక కూడా కాసేపు అలాగే చూసి, మళ్ళీ నడిచేవాడు. మోకాళ్ళ నొప్పికి ఆగుతున్నాడేమో అనుకునేదాన్ని.

యోగా మేడం మా ఊరి పిల్లే. పాఠం చెప్పేటప్పుడు గ్రాంథికం, పాఠం అయిపోగానే మన భాష. గోడకు ఆనుకుని కూర్చున్న మామను రెండో రోజే లోపలికి లాగింది. అందరూ రంగురంగుల రబ్బరు చాపలు పరుచుకుంటే మామ గొంగడి పరిచాడు.

“ఎండకాలం గొంగడేంది తాతా, ఉడుకపోయదా?” అంది మేడం.

“ఉడుకను ఆపేది గిదే బిడ్డా,” అన్నాడు మామ.

వజ్రాసనం మా మామకే కాదు, క్లాసులో సగం మందికి రాలేదు. మా జిల్లా ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మోకాళ్ళు అంత సులువుగా మడతపడవు. శీతలి ప్రాణాయామం నేర్పిన రోజు మాత్రం మామ వెలిగిపోయాడు. నాలుకను గొట్టంలా చుట్టి గాలి పీల్చితే ఒళ్ళు చల్లబడుతుందని మేడం చెబుతుంటే, ఆయన శ్రద్ధగా విని, “గొర్లకు నాలుక సుట్టరాదు మేడం. అవి ఎండైతే ఒకదాని కడుపు కింద ఒకటి తలకాయ వెట్టుకోని నిలవడ్తయ్. గది గూడ జర నేర్పుండ్రి,” అన్నాడు. మేడ మీద అందరూ పడీపడీ నవ్వారు. ఇది నవ్వాల్సిన చోటని నాకు తెలిసింది. నవ్వు రాలేదు.

నాకు అన్నిటికంటే సులువుగా వచ్చింది శవాసనం. వెల్లకిలా పడుకుని, అరచేతులు పైకి పెట్టి, ఒళ్ళంతా వదిలేయాలి. మిగతావాళ్ళు దోమలు తోలుకుంటూ, ఇంట్లో పాలు పొంగుతాయేమో అని బెంగపడుతూ కదులుతుంటే నేను పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఉండేదాన్ని. ఆయన కూలర్ ముందు ఎలా పడుకున్నాడో అలాగే పడుకుంటున్నానని తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు. ఒక రోజు మేడం అందరికీ నన్ను చూపించింది.

“గీ అక్కను చూడుండ్రి. ఎండైనా, వానైనా, మంచైనా, చెడైనా ఒక్క తీరుగ ఉంటది. సమత్వం అంటే గిదే.”

చప్పట్లు కొట్టారు. నేను అందరికీ నమస్కారం పెట్టాను. తోవలో మాత్రం, బతికినంత కాలం ఇలాగే ఉండిపోతానేమో అని ఒక ఆలోచన వచ్చింది. అది కూడా భయం పుట్టించలేదు. అదే నాకు కొంచెం వింతగా అనిపించింది.

ఆదివారం క్లాసు పొడుగు. ఎండ మేడ మీదికి ఎక్కేదాకా సాగేది. ఒక ఆదివారం అందరినీ శవాసనంలో పడుకోబెట్టి మేడం కొత్త ధ్యానం చెప్పింది. మీ ఆలోచనలు ఒక్కొక్కటే వస్తాయి, మీరు గడప దగ్గర నిలబడి వాటిని చూస్తూ ఉండండి, దేన్నీ ఆపకండి, దేన్నీ తరమకండి, అన్నీ వచ్చేదాకా చూడండి అంది. అందరం కళ్ళు మూసుకున్నాం. నా గడప దగ్గరికి ఏదీ రాలేదు. చాలాసేపటికి కట్టె నేలకు తగిలిన చప్పుడు వినబడి కళ్ళు తెరిచాను. మామ లేచి, గొంగడి దులిపి భుజాన వేసుకుని, మెట్లు దిగుతున్నాడు.

నేనూ లేచి వెంట వెళ్ళాను. చెప్పులు వేసుకోవడం తట్టలేదు. హాలు వెనక తుమ్మచెట్లు మొలిచిన ఖాళీ జాగా ఉంది. దాని మొదట్లో బండల మీద నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మామ దూరంగా చూస్తున్నాడు.

“ఏం జూస్తున్నవ్ మామా?”

“గడప కాడ నిలవడి చూడుమన్నది గద బిడ్డా. దొడ్డి తడిక కాడ నిలవడి జూసిన. మాకు లెక్క రాదు, మొఖం జూసుడే. కొమ్ములది ఒచ్చింది, బొల్లిది ఒచ్చింది, కుంటిది గూడ ఒచ్చింది.”

“ఏదన్న తప్పిందా?”

“ఒక్కటి గూడ తప్పలే. మందంత ఒచ్చింది. ఎన్క తోలెటోడే రాలే.”

మందకు ఇద్దరు మనుషులుండాలని, ఒకరు ముందు నడవాలని, ఒకరు వెనక తోలాలని మా ఆయన ఎప్పుడో చెప్పాడు. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో నాయిన ముందు, తాను వెనక. సాయంత్రం గొర్రెలన్నీ దొడ్లోకి వచ్చాక చివరికి తాను వచ్చేవాడట, తాను లోపలికి వచ్చాకే నాయిన తడిక వేసేవాడట. మామ తడిక వేయకుండా నిలబడి ఉన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అలా నిలబడ్డాడో నాకప్పుడు తెలిసింది. మూల మలుపుల దగ్గర ఆయన ఆగి చూసింది మోకాళ్ళ నొప్పికి కాదు, నా కోసమూ కాదు. నేను కనబడ్డాక కూడా నా వెనక ఇంకా చూసేవాడు.

అప్పుడు అరికాళ్ళు చురుక్కుమన్నాయి. బండలు అప్పటికే కాలుతున్నాయి. ఒక కాలు ఎత్తి ఇంకో కాలు మీద పెట్టుకున్నాను. వీపు మీద ఎండ తగిలింది, జాకెట్టు ఒంటికి అంటుకుంది, గొంతు ఎండిపోయింది. ఆ ఎండాకాలమంతా ఎక్కడికి పోయిందో కానీ, ఒక్కసారిగా వచ్చి నా మీద పడింది.

“మామా, కాళ్ళు గాల్తున్నయ్,” అన్నాను.

ఆ మాట అంటుండగానే ఏడుపు వచ్చింది. ఇంత చిన్న మాటకు అంత ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. మామ నా మొహం చూడలేదు, కాళ్ళు చూశాడు. భుజం మీది గొంగడి తీసి బండల మీద పరిచాడు.

“దీని మీద నిలవడు బిడ్డా,” అన్నాడు. కాసేపయ్యాక, “ఏడ్వు,” అన్నాడు.

తర్వాత ఎవరో చెప్పులు తెచ్చిచ్చారు. ఇంటికి వచ్చేటప్పుడు మామ ఎప్పటిలాగే ముందు నడిచాడు. మొదటి మలుపు దగ్గర ఆగి తిరిగినప్పుడు, “నేనొస్తున్న, నువ్వు నడువు మామా,” అన్నాను. ఆయన నా వైపు చూసి తల ఊపి నడిచాడు. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ ఆ మాట చెప్పడం నాకు అలవాటైంది. నా దుఃఖం తీరిపోయిందని చెప్పను. చాలా రోజులు మళ్ళీ మొద్దుబారే ఉన్నాను. ఫోన్లో తిట్టినవాళ్ళ మీద అప్పుడప్పుడూ కోపం వచ్చేది, అంతే. శవాసనంలో మాత్రం కదలడం మొదలుపెట్టాను. నా సమత్వం పాడైపోయిందని మేడం కొంచెం నొచ్చుకుంది.

మామ కూడా పోయాడు. గొంగడి మిగిలింది. ఇప్పటికీ ఎండాకాలంలో పొద్దున్నే అదే తోవలో అదే మేడకు వెళ్తాను, బ్యాగులో ఉల్లిగడ్డ నేనే వేసుకుంటాను. ఇప్పుడు నేనే ముందు నడుస్తున్నాను, వెనక ఎవరూ లేరు. అయినా ప్రతి మలుపు దగ్గరా కాళ్ళు వాటంతటవే ఆగుతాయి, వెనక్కి తిరిగి చూస్తాను. కాలం మందను తోలుకుపోతూనే ఉంటుంది కానీ, వెనకబడ్డ మనిషి కోసం తడిక తీసి ఉంచే పని మాత్రం మనకే వదిలేస్తుంది.