తాత తడిపిన గొంగడి

పెన్‌పహాడ్ గొల్లల్లో రామనర్సయ్య మాటకు విలువ ఎక్కువ. దురాజ్‌పల్లి జాతరకు మా ఊరివాళ్లంతా ఆయన వెనకాలే నడుస్తారు. అంతటి మనిషి గొంగడి రెండేళ్లపాటు పొద్దున్నే తడితడిగా గోడ మీద ఆరేది. పక్కనే ఒక బొంత.

"ఏంది మామా, గీ వయసుల పక్క తడుపుతున్నవా?" అని అల్లుడి వరసయ్యే కిష్ట్యా ఎగతాళి చేసేవాడు.

"పరుసుకునేది, కప్పుకునేది రెండూ నావే అల్లుడా. ముసలోణ్ని గదా, ఆగుతలేదు."

నిజానికి ఆ బొంత మనవరాలు గోపికది. అమ్మానాన్నలు మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేస్తుంటే పిల్ల తాత దగ్గరే పెరుగుతోంది. ఆమె పేరు బయటపడకూడదని రామనర్సయ్య రోజూ తన గొంగడిని కావాలనే నీళ్లలో ముంచేవాడు.

డిసెంబరులో స్రవంతి టీచరు కోదాడ గురుకులం పరీక్షకు పేరు రాయిస్తానంటే గోపిక ఏడ్చింది.

"నేను పోను తాతా. గాడ అందరి నడుమ పండుకోవాలె."

మరునాడే ఆయన పిల్లను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాడు. పరీక్షలు చేసి, పిల్లల డాక్టరమ్మ ఉషశ్రీ గారు నెమ్మదిగా చెప్పారు.

"మూత్రసంచికి కండరం ఉంటుంది పెద్దాయనా. సంచి నిండేదాకా అది వదులుగా ఉండాలి. పాపకు సగం నిండకముందే బిగుసుకుంటోంది. ఇందులో పాప తప్పేం లేదు."

"సమజైంది తల్లీ. దొడ్డి నిండకముందే గొర్లు తడిక నెట్టినట్టు."

"అంతే. నీళ్లు బాగా తాగుతుందా?"

"పగటీలి బువ్వ తిన్నంక నీళ్లు నేనే బందు వెట్టిన, రాత్రి తడవొద్దని."

"మీ గొర్రెలకూ అట్లనే బందు పెడతారా?"

ఆయన తల దించుకున్నాడు. మందను ఏనాడూ దప్పికతో ఉంచనివాడు, ప్రేమకొద్దీ పిల్ల నోరు ఎండబెట్టాడు.

పగలు నీళ్లు బాగా తాగాలి, రెండు గంటలకోసారి పోయిరావాలి, ఆపుకోకూడదు. మలబద్ధకం కూడా సంచిని నొక్కుతుందని దానికీ మందిచ్చారు. ఇంటి దగ్గర "గోపమ్మా, యాళ్లయింది!" అని తాత కేక. బడిలో స్రవంతి టీచరు పిల్ల అడగకముందే కళ్లతోనే పంపేది. ఆ తల్లిని దేవుడు చల్లగా చూడాలి.

గోపిక పరీక్ష రాసింది, సీటొచ్చింది. వారంలో ఆరు రోజులు తడిసే బొంత మూడు రోజులే, తర్వాత ఒక్క రోజే తడిసింది. మే నెలంతా పొడిగానే ఉంది. మళ్లీ ఎప్పుడైనా తడిస్తే పిల్లకు అడ్డం ఉండాలని తాత గొంగడిని మాత్రం తడుపుతూనే ఉన్నాడు.

ప్రయాణం రోజున వాకిట్లో నలుగురూ చేరారు.

"మనుమరాలేమో కోదాడకు, మామేమో దవాఖానకు పోవాలె!" అన్నాడు కిష్ట్యా.

గోపిక పెట్టె కింద పెట్టింది. "మా తాతకేం రోగం లేదు. పక్క తడిపింది నేను. నా పేరు రావొద్దని తాత గొంగడిని నీళ్లల్ల ముంచిండు. ఇప్పుడు నాకు తగ్గింది."

కిష్ట్యా వంగి ఆ పెట్టెను తన నెత్తికెత్తుకున్నాడు.

రామనర్సయ్య గోడ మీది గొంగడిని పిండి, ఆ తడిదాన్నే భుజాన వేసుకున్నాడు. నీళ్లు కారుతుండగా, జాతరకు నడిచినట్టే మా అందరికీ ముందు నడిచాడు, మనవరాలి చేయి పట్టుకుని, బస్సు దాకా.