వదిన కొన్న చెవి

మా వదిన చేపల పరిశోధన ఆఫీసులో పనిచేస్తుంది. చేప పొట్టలో మందుబిళ్లంత ట్రాన్స్‌మిటర్ పెట్టి, కుట్టేసి ఏట్లో వదులుతారు. అది చేసే చప్పుడు మనకు వినపడదు. నీళ్లలో వేలాడదీసిన హైడ్రోఫోన్ అనే మైకుకే వినపడుతుంది.

ఆనకట్ట పక్కన చేపలు ఎగువకు ఎక్కడానికి కట్టిన మెట్లున్నాయి. చేపలు అటు వెళ్తున్నాయో లేదో తేల్చమన్నారు. వెళ్లడం లేదంటే మెట్లు మూసేస్తారు. ఎగువన వల వేసుకుని బతికే వదిన అన్నకు అది కడుపు మీద కొట్టడమే.

హైడ్రోఫోన్ ఎంచే పని వదినది. అమ్మే అతను రెండు రకాలు చూపించి, "హోరు నీళ్లలో అన్నీ వినేది పనికిరాదు మేడమ్. కాస్త మొద్దుగా ఉండేదే నయం" అన్నాడు.

"ఏరికోరి చెవిటిదాన్ని తెచ్చుకోమంటారా?" అంది వదిన. ఆఫీసంతా నవ్వారట. నిలవ నీళ్ల తొట్టిలో రెండూ పరీక్షించి, చీమ చిటుక్కుమన్నా పట్టేసే దాన్నే కొంది. ఇంటికొచ్చి మాకందరికీ ఆ గొప్ప చెప్పుకుంది కూడా.

సీజనంతా మెట్ల దగ్గర ఒక్క చేపా వినపడలేదు. "వస్తున్నాయే, ఎగువన నేను పట్టుకుంటూనే ఉన్నాగా" అని వాళ్లన్న మొత్తుకున్నాడు.

"అవి పైన పుట్టినవే. నీ మాట నమ్మాలా, మిషన్ మాట నమ్మాలా?" అని కసిరింది. నోరు కాస్త పెద్దదిలెండి మా వదినది.

మెట్ల సంగతి తేల్చే మీటింగు రోజు పొద్దున్నే వాళ్లన్న మా గుమ్మంలోకొచ్చి అరచెయ్యి తెరిచాడు. అందులో ట్రాన్స్‌మిటర్. "చేపను కోస్తుంటే బయటపడింది. మీదేనేమో చూడమ్మా" అన్నాడు. ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

దాని మీద నంబరు చూడగానే వదిన మొహం మాడిపోయింది. ఆనకట్ట దిగువన తన చేత్తో వదిలిన చేపే. అప్పుడు తట్టింది. ఆ చురుకైన చెవి నీళ్ల హోరునంతా వినేసింది, ఆ హోరులో చేప చప్పుడు మునిగిపోయింది. పరీక్ష మెట్ల దగ్గర చెయ్యాల్సింది, తొట్టిలో చేసింది.

మీటింగులో వదిన ఆ ట్రాన్స్‌మిటర్ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పిందట. పెద్దాఫీసరు తప్పించుకునే దారి కూడా చూపించాడట: "అయితే పరికరంలో లోపమన్నమాట." తల ఊపేస్తే సరిపోయేది.

"పరికరం మంచిదేనండీ. ఎంచింది నేను. వద్దన్నా వినలేదు" అందట, తలెత్తకుండా. మెట్లు మూసే మాట పక్కన పెట్టారు.

సాయంత్రం నన్ను తోడు తీసుకుని అన్న ఇంటికి వెళ్లింది. సిగ్గుతో గడప దగ్గరే ఆగిపోయింది.

"లోపలికి రావే. ఈసారి ఏది కొంటున్నావ్?" అన్నాడాయన.

"చెవిటిది."

ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. వదిన మాత్రం, "నువ్వు చెప్తూనే ఉన్నావ్ కదన్నయ్యా" అంటూ చెంగుతో మొహం కప్పుకుంది.