అడుగుకి పావంగుళం లెక్కన

థర్మాకోల్‌తో గుడి కట్టి, లోపల రంగు బల్బు పెట్టి, దాన్ని మినియేచర్ అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రాళ్ళ మధ్య గీతలు స్కెచ్‌పెన్నుతో గీస్తారు. గోడకి మందం ఉండదు. కిటికీ గోడలోంచి తొలిచినట్టుండదు, పైన అంటించినట్టుంటుంది. దానికి ఎగ్జిబిషన్‌లో మొదటి బహుమతి, పేపర్లో ఫొటో. చూసినవాళ్ళందరూ ముక్కు మీద వేలేసుకోవడం.

నేను ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళుగా పాత రాతి కట్టడాలని అడుగుకి పావంగుళం లెక్కన కడుతున్నాను. రాయిని రాయితోనే కడతాను. పాత సామాన్ల కొట్లో దొరికే రాతి పలకలు తెచ్చి, కటింగ్ ప్లయరుతో కందిగింజంత ముక్కలు చేసి, ఒక్కోదాని అంచూ ఆకురాయితో అరగదీసి, వరస మీద వరస పేరుస్తాను. మధ్యలో సున్నం, పల్చటి గుడ్డలో జల్లించిన వంశధార ఇసుక. వాన మరకలకి టీ డికాషన్. పునాది దగ్గర పాచికి, ఎండబెట్టి నలిపిన నాచు. కళింగపట్నంలో ఒక పాత రాతి గోదాము ఉంది. దాని నమూనాలో పడమటి గోడ ఒక్కదానికే నాకు ఏడాది పట్టింది.

ఆ గోదాము చూసి మా బావమరిది అడిగిన మొదటి మాట, "బావా, లైటు ఎలగదేటి?"

చుట్టాలు మరీను. బొమ్మరిల్లు ముద్దుగా ఉందంటారు. ఒకావిడైతే దాని గాలికన్నంలో అగరుబత్తి గుచ్చితే బాగుంటుందని సలహా ఇచ్చింది. అలాంటివాళ్ళకి మా ఇంట్లో రెండోసారి టీ ఉండదు.

మా ఇంట్లో అన్నాను గానీ అది అద్దె ఇల్లు. విజయనగరంలో ఎన్ని అద్దె ఇళ్ళు మారామో మా ఆవిణ్ణి అడగాలి. మారినప్పుడల్లా నా కట్టడాలని పాత చీరల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చేది ఆవిడే. ఆవిడ నా మేనమామ కూతురు. పెళ్ళప్పుడు మా మావ పసుపుకుంకుమల కింద కోటబొమ్మాళిలో ఆవిడ పేర కొంచెం స్థలం రాశాడు. స్టేషన్నించి నడిచిపోవచ్చు. ఆ స్థలంలో ఇల్లు కట్టుకుని అందులో ఉండాలన్నది ఆవిడ కోరిక. ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే.

ఇల్లు లేవకపోవడానికి కారణం మేస్త్రీలని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇల్లు రాతితోనే కట్టాలన్నాను. మొదటి మేస్త్రీకి మూలరాయి ఒక వరసలో పొడుగ్గా, పై వరసలో అడ్డంగా పెట్టాలని తెలియదు. రెండోవాడు, "సిమెంటు పూసేస్తే ఏటీ కనపడదు బాబూ" అన్నాడు. ఆ ఒక్క మాటతో వాణ్ణి పంపించేశాను. మూడోవాడు పేరున్న మనిషి. వాడికి నా గోదాము చూపించి, ఇలా కట్టాలని చెప్పాను. వాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, టీ తాగి, "ఇలగైతే మీరే కట్టుకోండి బాబూ" అని వెళ్ళిపోయాడు. వాడి చేతకానితనం గురించి నేను కనపడినవాళ్ళందరికీ నవ్వుతూ చెప్పేవాణ్ణి. మా ఆవిడ ఒక్కసారీ నవ్వలేదు. అది హాస్యం తెలియకపోవడం అనుకున్నాను.

మొన్న కార్తీకంలో శృంగవరపుకోట దగ్గర కొండ మీది శివుడి గుడికి వెళ్ళాం. బావమరిది వాళ్ళు ముందు నడిచారు. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులతో ఆగి ఆగి ఎక్కుతోంది, నేను ఆవిడతో ఉన్నాను. దారి పొడుగునా బండల మీద జనం పేర్చిన రాళ్ళే. సొంత ఇల్లు కావాలనుకునేవాళ్ళు అక్కడ రాయి మీద రాయి పెట్టి మొక్కుకుంటారు. మూడు పెడితే మూడంతస్తులు, ఐదు పెట్టిన ఆశపోతుకి ఐదు. గోడ లేదు, గుమ్మం లేదు. ఇది చూసి దేవుడు ప్లాను ఎలా గీసుకుంటాడో నాకు అర్థం కాలేదు. పైకే అన్నాను. పక్కన ఎక్కుతున్న ఇద్దరు నన్ను కొరకొరా చూశారు.

మా ఆవిడ ఒక బండ పక్కన చతికిలబడి, కొంగు దోపుకుని మూడు రాళ్ళు పేర్చింది. అడుగున గుండ్రటి గులకరాయి, దాని మీద అంతకంటే పెద్దది, పైన ఇంకోటి వంకరగా. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది.

"అది నిలబడదే. అడుగుది పెద్దదుండాల" అన్నాను.

ఆవిడ కళ్ళు తెరవలేదు. నేను వంగి ఆ మూడు రాళ్ళూ తీసేశాను.

తర్వాత అరగంట నాకు ఒళ్ళు తెలియలేదు. చుట్టుపక్కల పలకల్లాంటి రాళ్ళు ఏరాను. అతుకు మీద అతుకు రాకుండా వరసలు పేర్చాను. గుమ్మం వదిలి, పైన పొడుగు రాయి అడ్డం పెట్టాను. జనం ఆగారు. ఒకతను ఫోన్లో వీడియో తీశాడు. "అచ్చం ఇల్లులాగే ఉన్నాది" అన్నారెవరో. ఒక ముసలామె దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టింది. నా పనికి అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు. సంతోషంతో పక్కకి తిరిగితే ఆవిడ లేదు.

కొంచెం పైన, దారికి కనపడకుండా ఒక బండ వెనకాల కూచుని ఉంది. ముందర మళ్ళీ మూడు రాళ్ళు. ఇంతకుముందు పెట్టినంత వంకరగానే పెట్టింది. నన్ను చూడగానే ఆ రాళ్ళకి అడ్డంగా జరిగింది.

"నీకోసం గుమ్మంతో సహా కట్టినాను, రా సూద్దువు" అన్నాను.

"అది నీ బొమ్మ బావా. బాగానే ఉంటాది."

"మరిదేటి?"

"ఇది నా ఇల్లు. దీన్ని ముట్టుకోకు."

కొంచెంసేపు ఆయాసం తీర్చుకుంది. తర్వాత తల ఎత్తకుండా చెప్పింది. "మేస్త్రీతో నానే మాట్లాడేసినాను. సిమెంటు ఇటికలే. సోమారం పునాదికి ముగ్గు పోస్తాడు. తమ్ముడొస్తాడు నాతో."

"నాకు సెప్పలేదే?"

"సెప్తే ఏటవుతాదో నీకు తెల్దా? ఆ రోజు నువ్వు రాకు బావా. నువ్వొస్తే ఈ మేస్త్రీ కూడా ఎల్లిపోతాడు."

గొంతులో కోపం ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణే. కోపం లేదు. బతిమాలుతోంది. స్లాబు వేసే రోజున వానకి భయపడినట్టు ఆవిడ నాకు భయపడుతోంది. ఎన్నేళ్ళుగా భయపడుతోందో నేను గమనించలేదు. పావంగుళంలో వెంట్రుకవాసి తేడా వస్తే పట్టేసే కళ్ళు ఇవి. నా మీద నాకే అసహ్యం వేసింది. సరేనన్నాను.

సోమవారం పొద్దున అక్కా తమ్ముడూ పాసింజరు బండికి బయల్దేరారు. ఆవిడ కొత్త చీర కట్టుకుంది. కొబ్బరికాయ తీసుకున్నావా అని మాత్రం అడిగాను. తీసుకున్నానంది. కోటబొమ్మాళిలో మా ఇంటికి ముగ్గు పోస్తున్నప్పుడు నేను అక్కడ లేను. ఉంటే, పోసిన ముగ్గు చెరిపించి మళ్ళీ పోయించేవాణ్ణని నాకు బాగా తెలుసు.