కెప్టెన్ గారి రాళ్ళతోట

1988 మార్చిలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాక రంగూన్ యూనివర్సిటీ మూసేశారు. నేను అప్పుడు భూగర్భ శాస్త్రం చివరి ఏడు చదువుతున్నాను. అది నేను కోరుకున్న చదువు కాదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ నది ఒడ్డున అహ్లోన్ పేటలోని బియ్యం మిల్లులో బస్తాలు మోయడానికి వచ్చాడు. మా నాన్న అదే ఒడ్డున, రేవులో గుమాస్తా అయ్యాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఆ పేటలోనే. అయినా కాగితాల్లో మేం పరాయివాళ్ళమే. మాలాంటి వాళ్ళకి డాక్టరు చదువు లేదు, ఇంజనీరు చదువు లేదు. రాళ్ళ చదువు మీద ఎవరికీ కన్ను లేదు కాబట్టి అది మాకు మిగిలింది.

ఇంట్లో ఊరికే కూర్చుంటే నాన్న రోజుకో హెచ్చరిక చేసేవాడు. అది భరించలేక మా ప్రొఫెసరు చూపించిన వేసవి పనికి ఒప్పుకున్నాను. ఊరికి ఉత్తరాన, చెరువు పక్కన, ప్రభుత్వం వారి పెద్ద తోట ఒకటి ఉండేది. దాని వెనక ఉన్న చిన్న కొండని ఎప్పుడో రోడ్డు కోసం నిలువునా కోశారు. ఆ కోతలో కింద ఇసుకరాయి, మధ్యలో బంకమన్ను, పైన తుప్పురంగు లాటరైట్, పొరలు పొరలుగా కనిపించేవి. కోత ముందు దేశం నలుమూలల నుంచి తెప్పించిన రాళ్ళని గచ్చు దిమ్మెల మీద నిలబెట్టారు. వచ్చినవాళ్ళకి ఆ కొండ గురించి, ఆ రాళ్ళ గురించి వివరించి చెప్పడం నా పని. జనం నన్ను 'సయామా' అనేవాళ్ళు, పంతులమ్మా అని. మగవాళ్ళని గౌరవంగా పిలవాలంటే 'సయా'. మా పై అధికారి మాత్రం 'కలామా' అనేవాడు. ఇండియా మనుషుల్ని ఆ దేశంలో ఆ మాటతోనే పిలుస్తారు. అది పిలుపో తిట్టో పలికే తీరుని బట్టి తెలుస్తుంది. ఆయన నోట్లో వింటే అనుమానం ఉండేది కాదు.

ఆయన ఒకప్పుడు సైన్యంలో కెప్టెన్. సరిహద్దు కొండల్లో ఏం వెలగబెట్టాడో గానీ, అక్కడి నుంచి తెచ్చి ఈ తోట మీద కూర్చోబెట్టారు. దేశంలో ప్రతి కుర్చీలోనూ దానికి సంబంధం లేని సైనికుడు కూర్చోవడం నేను పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటు. చేపల శాఖలో ఫిరంగుల వాడు, పుస్తకాల శాఖలో తుపాకుల వాడు, రాళ్ళతోటలో ఈయన. రాయి అంటే ఆయనకి తెలిసినవి రెండే రకాలు, అమ్ముకునేది, విసిరేది. మా తోటలో ఉన్నవి రెండింటికీ పనికిరానివి కాబట్టి వాటినీ, వాటితో పాటు నన్నూ అసహ్యంగా చూసేవాడు.

వచ్చే జనం కూడా గొప్పవాళ్ళేం కాదు. పార్టీ వాళ్ళు ఫ్యాక్టరీల నుంచి లారీల్లో తోలుకొచ్చేవాళ్ళు. వాళ్ళు దిగీ దిగగానే నీడ వెతుక్కుని అన్నం కారియర్లు విప్పేవాళ్ళు. మిగతావాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే, కెంపు ఎక్కడుంది అని. మధ్య బర్మా నుంచి తెచ్చిన, రాయిగా మారిపోయిన చెట్టు మొదలు ఒకటి ఉండేది. అది ఎలా రాయి అయిందో చెప్పబోతే వినేవాళ్ళు కాదు. దానికి మొక్కి, పరీక్ష పాసవ్వాలనో లాటరీ తగలాలనో కోరుకుని వెళ్ళిపోయేవాళ్ళు. విదేశీయులు వారం రోజుల వీసా మీద వచ్చి పగోడాలు చూసి పోయేవాళ్ళు. వాళ్ళతో నేను మాట్లాడకూడదని ఆజ్ఞ. ఒకసారి మెడలో భూతద్దం వేలాడుతున్న తెల్ల ముసలాయన ఒకడు దారి తప్పి వచ్చాడు. కొండకోత దగ్గర చాలాసేపు నిలబడి, లాటరైట్ మీద చెయ్యి వేసి చూసి, ఏదో అడుగుదామని నా వైపు తిరిగాడు. ఆ దేశంలో నా రాళ్ళని నిజంగా చూసిన మొట్టమొదటి మనిషి. నేను చెరువు వైపు తిరిగి నిలబడ్డాను.

తోటలో పెద్ద రేకు బోర్డు మీద దేశపటం గీసి ఉండేది. దాని మీద ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఒక ఎర్రగీత. నేల తెగి, రెండు పక్కలూ చెరో దిక్కుకి జరుగుతున్న చోటు అది. బర్మీస్‌లో దాని పేరే 'తెగి జరిగినది'. ఒకనాడు కొందరు బ్యాంకు ఉద్యోగులకి ఆ గీత గురించి చెబుతున్నాను. అది రంగూన్‌కి తూర్పున, మరీ దూరం కాకుండా పోతుందని, ఎప్పుడో ఒకప్పుడు కదలక మానదని అన్నాను. కెప్టెన్ వెనక నిలబడి వింటున్నాడని చూసుకోలేదు. వాళ్ళు వెళ్ళాక గదిలోకి పిలిచాడు.

“ఏం తెగింది?” అన్నాడు.

“నేల, సయా.”

“ఎవరు తెంపారు?”

“ఎవరూ తెంపలేదు. లోపల ఒత్తిడి పెరిగి తెగింది.”

“లోపల ఒత్తిడేమీ లేదు,” అన్నాడు. “ఈ దేశం అంతా ఒకటే ముక్క. నువ్వు కలామావి, నీకు తెలీదు. రేపటికి ఆ గీత ఉండకూడదు. ఆ మాట కూడా నీ నోట్లో ఉండకూడదు.”

మర్నాడు గీత లేదు. దాని మీద ఆకుపచ్చ రంగు పూశారు. పూసింది తోటపని చేసే ఆవిడ. ఆవిడ మా మనిషే. గంజాం నుంచి వచ్చిన కుటుంబం, తెలుగూ ఒడియా రెండూ మాట్లాడేది. రోజూ దలా నుంచి పడవ మీద నది దాటి పనికి వచ్చేది. ఎందుకు పూశావని అడిగితే నన్ను వింతగా చూసింది. “సెరిపీమన్నాడు, సెరిపీసినాను. గీతకేటి, అదుంటే మనకి కూడెడతాదా?” అంది. ఇంటికి వెళ్ళి చెబితే నాన్న కూడా ఆవిడ పక్షమే. ఆళ్ళ రాళ్ళు, ఆళ్ళ దేశం, నీకేటి నొప్పి అన్నాడు. ఆ రోజు నుంచి బోర్డు దగ్గరికి వెళ్ళడం మానేశాను.

మే నెలాఖరుకి ఎవరో పెద్ద అధికారి భార్య తోట చూడటానికి వస్తుందని కబురు వచ్చింది. కెప్టెన్‌కి కొత్త ప్రాణం వచ్చింది. రాయైన చెట్టుకి వార్నిష్ కొట్టించాడు. పచ్చరాయి బండ తగినంత పచ్చగా లేదని దానికి పెయింటు వేయించాడు. ఆ తర్వాత కొండకోత మీద ఆయన కన్ను పడింది. పుచ్చిన పన్నులా ఉందని, దాన్ని పై నుంచి కింద దాకా సిమెంటుతో మెత్తి సున్నం వేయమన్నాడు. ఇల్లు కట్టుకునేవాళ్ళకి బస్తా సిమెంటు దొరకని రోజులవి. ఆయన లారీల్లో దింపించాడు.

నేను వెళ్ళి చెప్పాను. వానాకాలంలో ఇసుకరాయి పొరలోంచి నీళ్ళు బయటికి ఊరతాయని, దారి మూసేస్తే వెనక నిండి గోడని తోసేస్తాయని ఆయనకి అర్థమయ్యేలా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. ఆయన ఆకాశం వైపు చూశాడు. “వాన ఏదీ?” అన్నాడు.

పెద్దావిడ వచ్చింది. కారు దిగి, తెల్లగోడని చూసి, ఎంత శుభ్రంగా ఉందో అంది. కెంపు ఎక్కడుంది అని అడిగింది. లేదని తెలిసి మళ్ళీ కారెక్కింది. నేను రాత్రంతా వల్లెవేసుకున్న ఉపన్యాసంలో ఒక్క మాట కూడా నోరు దాటలేదు. కెప్టెన్ మాత్రం కారు కనుమరుగయ్యేదాకా సెల్యూట్ దింపలేదు.

వానలు మొదలయ్యాక కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం, గోడ కడుపులా ఉబ్బి పగిలింది. సిమెంటు పలకలు, బురద కలిసి రాళ్ళ దిమ్మెల మీదికి జారాయి. కింద చెత్త ఊడుస్తున్న తోటావిడ కాలి మీద ఒక పలక పడింది. నేనూ మరో ఇద్దరూ కలిసి ఆవిడని బయటికి లాగాం. ఎముక విరిగిందని చూడగానే తెలిసింది. కెప్టెన్ గొడుగు వేసుకుని వరండాలో నిలబడి, లారీ ఇవ్వడం కుదరదు, పెట్రోలు లేదు అన్నాడు. సైకిల్ రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఆవిడ మూలిగింది గానీ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆవిడ అనాల్సినవన్నీ నేనే తెలుగులో అన్నాను.

ఆయన పైవాళ్ళకి ఏం చెప్పాడో వారం తిరక్కుండానే తెలిసింది. విద్రోహశక్తులు గోడ పగలగొట్టాయట. యూనివర్సిటీ జూన్‌లో తెరిచినట్టే తెరిచి మళ్ళీ మూశారు. ఊళ్ళో మళ్ళీ గొడవలు. విద్యార్థి అంటేనే నేరం. ఆ తోటలో విద్యార్థిని నేనొక్కదాన్నే. వార్డు ఆఫీసు మనుషులు అహ్లోన్‌లో మా ఇంటికి వచ్చి, ఆ మధ్యాహ్నం నేనెక్కడున్నానని నాన్నని అడిగారు. నాన్న చేతులు కట్టుకుని నిలబడి సమాధానం చెప్పాడు. అప్పటిదాకా కెప్టెన్ అంటే నాకు నవ్వులాట. ఆ సాయంత్రం నుంచి కాదు.

ఆగస్టులో ఈ ప్రభుత్వం దిగిపోవాలని ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. రేవు కూలీలు, నర్సులు, సన్యాసులు, గుమాస్తాలు. ఏ ఆఫీసుకి ఆ ఆఫీసు బ్యానరు పట్టుకుని కదిలింది. మా తోట వాళ్ళూ కదిలారు. నాన్న వద్దన్నా వెళ్ళాను. వెళ్ళి చూస్తే మా బ్యానరు ముందు, నుదుటికి ఎర్రగుడ్డ కట్టుకుని కెప్టెన్. కూడలి దగ్గర ఒక బల్ల ఎక్కి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఈ ప్రభుత్వం మన కాళ్ళ కింది నేల గురించిన నిజాన్ని కూడా దాచింది, నేల తెగి ఉందని నేను ఏనాటి నుంచో మొత్తుకుంటున్నాను అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను పైకే నవ్వాను. పక్కవాళ్ళు నన్ను పోలీసు మనిషిని చూసినట్టు చూశారు.

సెప్టెంబరులో సైన్యం మళ్ళీ దిగింది. కొన్నాళ్ళు తుపాకుల మోత వింటూ తలుపులు బిగించుకుని కూర్చున్నాం. ఆ తర్వాత అందరూ పనుల్లోకి రావాలని రేడియోలో చెప్పారు. తోటలో విచారణ పెట్టారు. ఒక్కొక్కరినే గదిలోకి పిలిచారు. బల్ల వెనక ఎవరో మేజరు. ఆయన పక్కన, ఇస్త్రీ చొక్కాలో, కెప్టెన్. ప్రశ్నలు అడుగుతున్నది ఆయనే.

“ఊరేగింపులో నడిచావా, కలామా?”

నాన్న చెప్పమన్నది ఒకటి. పొద్దున్న గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని మరీ చెప్పాడు, జొరంతో ఉన్నాననీసెయ్యి అని. కానీ ఆ ఇస్త్రీ చొక్కాని చూశాక ఆ మాట నా నోట్లోంచి రాలేదు.

“నడిచాను. మీ వెనకే, సయా.”

మేజరు తల తిప్పి ఆయన్ని చూశాడు. కెప్టెన్ తడుముకోలేదు. “ఎవరెవరు వస్తున్నారో చూడటానికే ముందు నడిచాను,” అన్నాడు. మేజరు తల ఊపాడు. నన్ను వెళ్ళమన్నారు. మర్నాటి నుంచి పనికి రావద్దన్నారు. జైల్లో ఎందుకు పెట్టలేదో ఇప్పటికీ తెలీదు. నాతో పాటు ఊరేగింపులో నడిచినవాళ్ళలో ఇద్దరిని పెట్టారు. నాన్న నాతో చాలాకాలం మాట్లాడలేదు. తోటావిడ ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆగస్టంతా కాలికి కట్టుతో మంచం మీద ఉంది కాబట్టి ఆవిడ ఎక్కడా నడవలేదు.

కాలేజీలు ఏళ్ళ తరబడి మూసే ఉంచారు. తెరిచాక నా డిగ్రీ పూర్తి చేశాను. దాంతో ఎవరూ ఏ పనీ ఇవ్వలేదు. ఇళ్ళకి వెళ్ళి లెక్కలు ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టాను. అలా ఒకసారి దలా వెళ్ళే పడవలో తోటావిడ కనిపించింది. కాలు కొంచెం ఈడుస్తోంది. కెప్టెన్ గారికి పెద్ద శాఖకి బదిలీ అయిందని, సన్మానం ఘనంగా చేశారని చెప్పింది. మెడలో వేసిన దండ తనే కట్టిందట.

“నువ్వెందుకు కట్టావు అక్కా?” అన్నాను.

“కట్టమన్నారు, కట్టినాను. దండకి తెల్దు కదా ఎవుడి మెడో,” అంది.

ఆయన్ని తిట్టడానికి నా దగ్గర ఉన్న మాటలన్నీ మళ్ళీ అన్నాను. ఆవిడ అడ్డు చెప్పకుండా వింది. అంతా అయ్యాక, పిల్లలకి లెక్కలు చెబుతున్నావా, మా మనవరాలికీ చెబుతావా అని అడిగింది. చెబుతానన్నాను.