తూకం తగ్గని చెక్క

ఆ ఇంటి కోడలికి కళ్లకంటే ముక్కు మీదే నమ్మకం ఎక్కువ. పాలు విరిగాయో లేదో కాచి చూడక్కర్లేదు, గిన్నె మూత తీస్తే చాలు. ఎడారి వైపు నుంచి దుమ్ముగాలి లేస్తుంటే, ఆకాశం రంగు మారకముందే ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేసేది. ఐదో తరగతితో బడి మానేసిన, తల్లి లేని పిల్ల. పంతొమ్మిదేళ్లప్పుడు ఆ ఇంట్లో కాలు పెట్టిన కొత్తలో ఏ గదిలోకి వెళ్లినా గుమ్మంలో ఆగి ముందు గాలి పీల్చి చూసేది. అత్తగారు అది కనిపెట్టి నవ్వింది.

"పిచ్చుక గింజని చూసినట్టు చూస్తావేంటే? ఇది నీ ఇల్లే, వాలు" అంది.

అప్పట్నుంచి మామగారికీ, లారీ తోలుకుంటూ రెండు నెలలకోసారి ఇంటికొచ్చే భర్తకీ ఆమె పిచ్చుకే. మరిదికి మాత్రం వదిన.

ఆ అత్తగారు పోయి పదకొండు నెలలైంది. "అత్త పోతే ఇంతలా చిక్కి సగమైన కోడల్ని నా జన్మలో చూళ్లేదమ్మా" అని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. తలకి నూనె రాయడం దగ్గర్నుంచి, కోపమొస్తే ఎలా మింగాలో, మింగకూడనిదైతే ఎలా కక్కెయ్యాలో అన్నీ పిచ్చుకకి నేర్పిన మనిషి ఆవిడ. ఒకే మనిషికి తల్లి రెండుసార్లు పోతుందంటే ఎవరు నమ్ముతారు?

అత్తగారికి ఒక దేవదారు పెట్టె ఉండేది. శాలువాలు అందులోనే. ఆవిడ పక్కనుంచి నడిచి వెళితే ఆ చెక్క వాసన ఒక అడుగు వెనక నడిచేది. ఆవిడ పోయాక పిచ్చుక రోజూ ఆ పెట్టె మూత తీసి తల లోపలికి పెట్టి కూర్చునేది. అలా తీసి తీసి ఆరు నెలల్లో ఆ వాసనంతా తనే ఖర్చు చేసేసింది. తర్వాత అది ఉత్త పెట్టె.

భార్య పోయిన రెండో నెలలోనే మామగారికి కాళ్లు పట్టు తప్పాయి. చక్రాల కుర్చీ వచ్చింది. వెనక తలుపు తీస్తే ఇసుక, ఇసుక అవతల ఇంకా ఇసుక. సాయంత్రం ఇంటి నీడ అటు పడ్డాక అత్తగారు వెళ్లి కూర్చునేది అక్కడే. ఆయనకీ అక్కడికే వెళ్లాలని. ఒక్కసారి పిచ్చుక ధైర్యం చేసి కుర్చీ తోసింది. నాలుగు గజాలు పోకుండానే చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. ఇరుగుపొరుగు వాళ్లిద్దరు వచ్చి ఆయన్ని కుర్చీతో సహా, బీరువాని మోసినట్టు, మోసుకొచ్చి లోపల పెట్టారు. "ఇంక అడగన్లే అమ్మాయ్" అన్నాడాయన. నిజంగానే అడగలేదు. అడగడం మానేశాడన్నదే ఆమెకి ముల్లులా గుచ్చుకునేది.

మరిది వడ్రంగి, పక్క ఊళ్లో ఉంటాడు. అన్నం తిన్నా నీళ్లు తాగినా చెవి మీద పెన్సిలు దిగదు. ఒకరోజు వెనక తలుపు దగ్గర నిలబడి ఇసుకని ఎగాదిగా చూశాడు.

"గడప అంచు నుంచి పన్నెండడుగుల పొడుగున డెక్ వేసేస్తాను వదినా. నాన్న చక్రం ఇసుకని ముట్టుకోదు."

"డెక్కంటే?"

"చెక్క అరుగనుకో. కింద కాళ్లు, పైన పలకలు."

"ఏదైతే ఏం. మావయ్య గడప దాటితే చాలు."

వారంలో కాళ్లు పాతి దూలాలు బిగించాడు. ఆ తర్వాత బండి మీద దేవదారు పలకలు దిగాయి. ఆ చెక్క ఎండకి మిగతా వాటిలా కాలదట, చెదలూ అంత తొందరగా జోలికి రావట. మామగారి కిటికీ కింద, రేకుల నీడలో, వరసకీ వరసకీ మధ్య పుల్లలు పెట్టి పేర్చాడు.

"ఇవి చలి దేశం నుంచి వచ్చిన పలకలు. ఒంట్లో ఇంకా తడుంది. ఈ వేడిగాలికి అది పోయాకే బిగించాలి. తడి మీద బిగిస్తే తర్వాత ముడుచుకుని సందులు నోళ్లు తెరుస్తాయి. నాన్న కుర్చీ ముందు చక్రాలు చూశావుగా, బొటనవేలంత మందం. ఒకటి సందులో పడిందా, మనిషి బోర్లా పడతాడు" అన్నాడు. పేర్పు మీద రెండు మూరల ముక్క ఒకటి విడిగా పెట్టి, వేలాడే కాటాకి తగిలించి తూచి, దాని మీదే పెన్సిలుతో రాశాడు: రెండు కిలోల వంద. "వారంవారం వచ్చి దీన్ని తూస్తాను. తూకం దిగి దిగి ఒకచోట ఆగితే ఎండినట్టు. కానీ గుర్తుపెట్టుకో, నెలాఖరుకి నేను ముఠాతో పనికి పోవాలి. మళ్లీ వచ్చేది ఏడాదికే."

అతను వెళ్లాక ఇల్లు సద్దుమణిగింది. మధ్యాహ్నం బయట ఇసుక మీద ఎండ నీళ్లలా ఊగుతోంది. ఆ ఊరికి చెరువు లేదు, అయినా రోజూ ఆ వేళకి ఇంటి వెనక ఒక చెరువు వచ్చి నిలబడి, నాలుగింటికి ఎటో వెళ్లిపోయేది. పిచ్చుక చేతులు కడుక్కుని, తడి విదిలిస్తూ పలకల పక్కనుంచి నడిచింది. నాలుగు చుక్కలు చెక్క మీద పడ్డాయి.

అంతే. అత్తగారు వచ్చేసింది.

పెట్టెలోంచి వచ్చేలా సన్నగా కాదు, శాలువా విప్పి భుజాల చుట్టూ కప్పినట్టు. పిచ్చుక కదల్లేదు. వెనక్కి తిరిగితే ఆవిడ అక్కడ కూర్చుని దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసుకుంటూ ఉంటుందనిపించింది. తిరిగి చూడకుండా ఉన్నంతసేపూ ఉన్నట్టే. అలాగే నిలబడింది, చుక్కలు ఆరిపోయేదాకా.

మర్నాడు చెంబుతో చల్లింది. ఈ ఎండకి చెంబుడు నీళ్లు ఎంతలే అనుకుంది. ఆ మర్నాడు బకెట్టు. వాసన తొందరగా పోతోందని గోనెపట్టాలు తడిపి పైన కప్పింది. రోజూ నాలుగింటికి నీళ్లు పోశాక ఇంక ఆ వేళ ఆమెది కాదు. పలకల పక్కన పీట వేసుకుని కూర్చుంటే కాలం మెత్తబడేది. తను పంతొమ్మిదేళ్లది అయ్యేది, మళ్లీ ఇప్పటి ముప్ఫై ఆరేళ్లది అయ్యేది, ఎవరో జడ విప్పి మళ్లీ అల్లుతున్నట్టు మాడు మీద వేళ్లు తిరిగేవి. పొయ్యి మీద పెట్టింది మాడిపోయినా ఆ ముక్కుకి తెలిసేది కాదు. చెక్క ఎండాలన్న మాట ఆమె మర్చిపోలేదు. పక్కకి నెట్టింది.

వారానికి మరిది వచ్చాడు. అప్పటికే పిచ్చుక పట్టాలు తీసి దాచేసింది. అతను ముక్కని కాటాకి తగిలించి, ముల్లు చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. రెండు కిలోల రెండొందల నలభై.

"ఇదేంటి వదినా, దీనికి ఒళ్లొస్తోంది! ఏం పెట్టి మేపుతున్నావు?"

పిచ్చుక నవ్వబోయింది, రాలేదు. అతను కాటాని అనుమానించి వంటింట్లోంచి కిలో ఉప్పు పొట్లం తెచ్చి తగిలించాడు. సరిగ్గా కిలో. మొహం మాడ్చుకుని పలకల మధ్యకి చెయ్యి పోనిచ్చాడు. చెయ్యి తడిగా బయటికొచ్చింది.

"ఎవరు పోశారు నీళ్లు?"

ఆమె గోనెపట్టాలు దాచిన వైపు చూసింది. ఈలోగా కిటికీలోంచి మామగారి గొంతు.

"నేనేరా పొయ్యమన్నాను. ఎండకి పగిలిపోతాయని."

"నీడలోనే కదా నాన్నా పెట్టింది! నీ కోసం నేను ఒళ్లు హూనం చేసుకుంటుంటే నువ్వు పడుకుని పెత్తనం చేస్తావా? ఇంకా పదిహేడు రోజులుంది. అప్పటికి ఎండకపోతే దూలాలు అలాగే వదిలేసి పోతాను, వాటి మీద కాకులు కూర్చుంటాయి."

"కాకులకైనా పనికొస్తాయిలే, పో."

మరిది విసురుగా వెళ్లిపోయాడు. పిచ్చుక మామగారి గదిలోకి వెళ్లి గోడకి ఆనుకుంది.

"మావయ్యా, మీరెందుకు నెత్తినేసుకున్నారు? పోసింది నేను."

"నాకు తెలీదా?" ఆయన దుప్పటి మడత సవరించుకుంటూ అన్నాడు. "రోజూ నాలుగింటికి ఈ కిటికీ రెక్క ఎవరు తీస్తున్నారనుకున్నావు? గాలికి తెరుచుకుంటోందనుకున్నావా? మంచం మీంచి కర్రతో తోసేసరికి ప్రాణం పోయేది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"అమ్మాయ్, ఒక మాట. నాకు ఆ అరుగూ వద్దు ఏం వద్దు. నువ్వు రోజూ నీళ్లు పోసెయ్యి. వాడు పోతే పోనీ. మనిద్దరికీ ఈ వాసన చాలు."

ఆ మాట ఎంత హాయిగా ఉందంటే పిచ్చుక దాదాపు తలూపేసింది. కళ్లు మూసుకుంటే ఆ ఇంట్లో అలాగే ఏళ్లు గడిచిపోవచ్చు. కానీ మంచం పట్టీ మీద ఉన్న ఆయన పాదం కనిపించింది. కుండ కింద మొలకెత్తిన గింజలా తెల్లగా పాలిపోయి ఉంది. తొమ్మిది నెలలుగా దాని మీద ఎండ పొడ పడలేదు. తను చల్లుతున్న నీళ్లు ఎవరి కాళ్లకి అడ్డం పడుతున్నాయో అప్పుడు కళ్లకి కనిపించింది. ముక్కు ఏమీ చెప్పలేదు.

"లేదు మావయ్యా" అంది. "నేను పొయ్యను."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ సాయంత్రం కిటికీ తెరుచుకోలేదు. మర్నాడు కూడా. "కాఫీ" అంటే "అక్కడ పెట్టు", "నొప్పి ఎలా ఉంది" అంటే "ఉంది". పిచ్చుక గోనెపట్టాలు ఎత్తి అవతల పారేసి, పేర్పు మొత్తం విప్పి, గాలి బాగా తగిలేలా పుల్లలు దూరందూరంగా పెట్టి ఒక్కతే మళ్లీ పేర్చింది. వేళ్ల నిండా పేళ్లు దిగాయి. రోజూ ఉదయం ప్రతి పలకనీ తిరగేసేది. నాలుగింటికి మాత్రం ఇంటి ముందు గదిలోకి పోయి, ఉన్న బట్టలన్నీ విప్పి మళ్లీ మడతలు పెట్టేది. చేతులు ఖాళీగా ఉంటే బకెట్టు వైపు పోతాయని భయం.

తర్వాతి వారం తూకం కిలో తొమ్మిదొందలు. మరిది గుర్రుగానే చూసి, "ఫరవాలేదే" అన్నాడు. పద్నాలుగో రోజున కిలో ఎనిమిదొందల ఇరవై. మర్నాడు ఉదయం మళ్లీ తూశాడు. అంతే, ముల్లు ఇసుమంతైనా కదల్లేదు. అతను ముక్కని ఇసుక మీదకి విసిరేసి చొక్కా చేతులు మడిచాడు.

"నా బస్సు ఎల్లుండి. పట్టు వదినా అటు చివర."

తూర్పు వైపు అరుగు. పొద్దు నడినెత్తి దాటాక ఇంటి నీడ గోడ మొదట్లోంచి సన్నటి అంచులా బయటికొచ్చింది. పలకలు గోడ వెంబడి, కుర్చీ దారికి అడ్డంగా వెయ్యాలి, చక్రాలు సందుల్ని దాటాలే గాని వాటి వెంట పోకూడదు. నీడ ఒక పలక వెడల్పు జరిగితే వాళ్లు ఒక పలక బిగించేవాళ్లు. మధ్యలో ఒక మేకు పెట్టి, ఆ మందాన సందు వదిలి, స్క్రూ తిప్పి, మేకు తీసి, మళ్లీ నీడ కోసం ఆగడం. ఎండలో ఉన్న స్క్రూని పట్టుకుంటే వేలు చుర్రుమనేది. ఇంటి నీడే అరుగై గట్టిపడుతోందా అన్నట్టు ఒక్కో పలకా ఇసుక మీదకి పాకింది. రెండు సాయంత్రాలకి పన్నెండడుగులూ పూర్తయ్యాయి.

"నూనె పట్టించాలి. లేకపోతే ఈ ఎండకి చీలికలొస్తాయి. నేను బట్టలు సర్దుకోవాలి" అన్నాడు మరిది, డబ్బా చూపిస్తూ.

"నేను రాస్తాను" అంది పిచ్చుక.

మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డ నూనెలో ముంచి, అవతలి చివర నుంచి గడప వైపు వెనక్కి జరుగుతూ రాసింది. పలక మీద గుడ్డ తిరిగినప్పుడల్లా చెక్క రంగు తేనెలా లేచింది, దేవదారు వాసన నూనె వాసన కిందకి దిగిపోయింది. కన్నీళ్లు కారాయి. తుడుచుకుంటే మొహానికి నూనె అంటుతుందని అలాగే వదిలేసింది. ఆఖరి పలక రాసి, గడప లోపలికి జరిగి, డబ్బా మూత బిగించింది.

మరిది వెళ్లిన మూడో రోజుకి నూనె ఆరింది. సాయంత్రం ఆమె అడక్కుండానే కుర్చీని వెనక తలుపు దాకా తోసింది. ఆయన గడప దగ్గర రెండు చేతులతో చక్రాలు పట్టి ఆపేశాడు.

"దిగబడితే?"

"దిగబడదు మావయ్యా. నేను తూకం చూశాను."

ముందు చక్రాలు మొదటి సందు దాటాయి. రెండోది. మూడోది. ఆయన పలక పలకకీ కిందకి చూస్తున్నాడు. సగం దాకా వెళ్లాక, "చెయ్యి తియ్యి" అన్నాడు.

తీసింది. ఆయనే చక్రాలు తిప్పుకుంటూ కొస దాకా వెళ్లి ఆగాడు. అవతల ఇసుక గులాబీ రంగులోకి మారుతోంది. పిచ్చుక వెనక్కొచ్చి గడప మీద కూర్చుంది.

"పిచ్చుకా!" అని కేక వినిపించింది కాసేపటికి. ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి అంత గొంతు అక్కర్లేదు, అందుకే ఆయనకి అంత గొంతు ఉందని ఆమెకి గుర్తే లేదు. "నీ మరిది పిసినారి వేషాలు చూశావా? ఇంకో రెండడుగులు వేస్తే వాడి సొమ్మేం పోయింది? ఆ ఇసుక మిట్ట ఇక్కడికి సగమే కనిపిస్తోంది!"

"వచ్చే ఏడు వేయిద్దాం లెండి!" ఆమె కూడా గొంతెత్తి అరిచింది.

"అప్పటిదాకా కాఫీ అయినా తగలెయ్యి! ఇక్కడికే తే, నీది కూడా తెచ్చుకో!"

పిచ్చుక లేచి లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.